అయస్కాంత క్షేత్రం లేని గ్రహం సౌర పవనాన్ని ఎలా ఆపుతుంది?

"అంగారకుడికి ఒకప్పుడు అయస్కాంత క్షేత్రం ఉండేది. అది ఆరిపోయింది. ఆ తర్వాత సౌర పవనం వచ్చి గాలినంతా ఊడ్చుకుపోయింది." సైన్సు మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఈ మూడు వాక్యాలనూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. విడివిడిగా చూస్తే వీటిలో పెద్ద తప్పేమీ లేదు. రెండోదే మూడోదానికి కారణమని తేల్చేసినప్పుడే చిక్కు వస్తుంది. ఎందుకంటే శుక్రుడికీ సొంత అయస్కాంత క్షేత్రం లేదు. పైగా శుక్రుడు సూర్యుడికి అంగారకుడి దూరంలో సగం కన్నా దగ్గరగా ఉంటాడు కనుక సౌర పవనం తాకిడి అక్కడ నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. మరి శుక్రుడి గాలి ఏమైంది? అక్కడే ఉంది. నేల మీద అది మోపే ఒత్తిడి భూమ్మీద మన గాలి మోపేదానికి తొంభై రెట్లు దాటుతుంది.

కాబట్టి ఈ కథను మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి. నా మటుకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది గాలి ఎలా పోయిందన్న సంగతి కాదు. అయస్కాంత కవచమే లేని గ్రహం సౌర పవనాన్ని తన గాలి దాకా రాకుండా చాలావరకు పక్కకు మళ్లించగలగడం. అది కూడా సూర్యుడు పంపిన అయస్కాంత క్షేత్రాన్నే అడ్డం పెట్టుకుని.

ముందు సౌర పవనం సంగతి. సూర్యుడి వెలుపలి పొర అయిన కరోనా నుంచి అన్ని దిక్కులకూ ఎడతెగకుండా ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువు, పారుతూ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు. కొద్దిగా హీలియం కేంద్రకాలు. ఇలాంటి ప్రవాహం ఉండి తీరాలని 1958లో భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ లెక్కగట్టి చెప్పాడు. శుక్రుడి వైపు బయల్దేరిన మారినర్ 2 నౌక 1962లో దాన్ని నెలల తరబడి కొలిచి చూపించింది. భూమి దగ్గరికి వచ్చేసరికి దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. సాంద్రత మాత్రం ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే. ఇంత పలచగా ఉండటం వల్ల ఇందులోని కణాలు ఒకదాన్నొకటి ఢీకొట్టుకోవడం దాదాపు జరగదు. అయినా అవన్నీ కలిసికట్టుగా, ద్రవం పారినట్టు పారతాయి. వాటిని అలా కట్టిపడేసేది అయస్కాంత క్షేత్రం. ప్లాస్మా చాలా మంచి విద్యుద్వాహకం కాబట్టి, సూర్యుడి దగ్గర దానిలో ఉన్న క్షేత్రరేఖలు దాన్ని విడిచిపోలేవు, దానితోపాటే కొట్టుకొస్తాయి. భూమి దగ్గర ఆ క్షేత్రం బలం అయిదు నానోటెస్లాలు ఉంటుంది. భూమి ఉపరితలం మీద మన అయస్కాంత క్షేత్రంతో పోలిస్తే ఇది కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. బలహీనమైనదే. కానీ ఇక ముందు జరగబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ ప్రవాహానికి ఎదురుపడే వస్తువుల్లో అన్నిటికన్నా తేలికైన ఉదాహరణ చంద్రుడు. చెప్పుకోదగ్గ గాలి లేదు, గోళమంతటికీ అయస్కాంత క్షేత్రం లేదు, పైపొరలోని రాయి, ధూళి విద్యుత్తును సరిగా ప్రసరింపనివ్వవు. 1967లో చంద్రుడి చుట్టూ తిరిగిన ఎక్స్‌ప్లోరర్ 35 నౌక అక్కడ షాక్ తరంగం (అడ్డం ముందు ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించే హద్దు) ఏదీ లేదని గమనించింది. సౌర పవనం నేరుగా నేలను తాకి అక్కడే ఆగిపోతుంది. దానితో వచ్చిన అయస్కాంత క్షేత్రం మాత్రం చంద్రుడు అడ్డమే లేనట్టు లోపలి నుంచి దాదాపు అలాగే దాటిపోతుంది. వెనకవైపు ప్లాస్మా లేని పొడవాటి ఖాళీ ఏర్పడుతుంది. అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద అల్యూమినియం రేకును సూర్యుడి వైపు తిప్పి నిలబెట్టి, అందులో చిక్కుకున్న సౌర పవన కణాలను భూమికి తెచ్చారు. భూమి నేల మీద ఏ రేకు ఎంతకాలం నిలబెట్టినా ఆ పని జరగదు.

నేలను తాకిన ప్రోటాన్లన్నీ ధూళిలో ఇంకిపోతాయనే చాలాకాలం అనుకున్నారు. చంద్రయాన్ 1లోని సారా పరికరం ఆ నమ్మకాన్ని సవరించింది. వచ్చిన ప్రోటాన్లలో ఇరవై శాతం దాకా, ధూళి రేణువుల నుంచి ఎలక్ట్రానును అందుకుని, మామూలు హైడ్రోజన్ పరమాణువులుగా మారి తిరిగి అంతరిక్షంలోకి ఎగిరిపోతున్నాయని అది కనిపెట్టింది. చంద్రుడి పైపొరలో అక్కడక్కడ మిగిలి ఉన్న అయస్కాంత మచ్చల మీద ఇలా తిరిగి ఎగిరిపోవడం తగ్గినట్టు కూడా కనబడింది. అంటే అంత చిన్న మచ్చలు సైతం సౌర పవనాన్ని కొంత పక్కకు నెట్టగలుగుతున్నాయి.

ఇప్పుడు ఇదే గోళానికి గాలిని జతచేద్దాం. కథ పూర్తిగా మారిపోతుంది.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు వాతావరణం పైపొరలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా అయాన్లు, ఎలక్ట్రాన్లు నిండిన అయనావరణం ఏర్పడుతుంది. అది విద్యుద్వాహకం. సౌర పవనం మోసుకొచ్చిన అయస్కాంత క్షేత్రం ఈ వాహకంలోకి చొరబడబోతుంది. వాహకంలో క్షేత్రం మారబోతే అందులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు పుట్టించే కొత్త క్షేత్రం లోపలికి రాబోయేదాన్ని అడ్డుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరులో, ఇండక్షన్ పొయ్యిలో పనిచేసేది కూడా ఈ ప్రేరణ సూత్రమే. ఇక్కడ మాత్రం కరెంటు ఒక గ్రహం పైకప్పు అంతటా పారుతుంది.

లోపలికి దారి లేని క్షేత్రరేఖలు గ్రహం ముందు పోగుపడతాయి. రేఖ మధ్యభాగం గ్రహం ముందు చిక్కుకుంటుంది, రెండు కొసలూ దూరంగా స్వేచ్ఛగా పారుతున్న ప్లాస్మాతో ముందుకు సాగిపోతాయి. పారే ఏటిలో రాయికి తగులుకున్న నాచుపోగులు రెండు వైపులా వెనక్కి సాగినట్టు, ఈ రేఖలు గ్రహాన్ని చుట్టుకుని వెనక పొడవాటి తోకగా సాగుతాయి. తోకలోని రెండు భాగాల్లో క్షేత్రం ఎదురెదురు దిశల్లో ఉంటుంది: ఒకటి సూర్యుడి వైపు, మరొకటి సూర్యుడికి దూరంగా. తోకచుక్కల తోకలు ఇలాగే ఏర్పడతాయని భౌతిక శాస్త్రవేత్త హానెస్ ఆల్వెన్ 1957లోనే ఊహించాడు. శుక్రుడికీ అంగారకుడికీ అదే బొమ్మ సరిపోయింది.

గ్రహం ముందు పోగుపడ్డ ఈ అరువు క్షేత్రాన్ని శాస్త్రజ్ఞులు ప్రేరిత అయస్కాంతావరణం అంటారు. శుక్రుడి దగ్గర మామూలుగా పది నానోటెస్లాలు ఉండే సౌర పవన క్షేత్రం, ఈ పోగులో నొక్కుకుపోయి వంద దాకా పెరగగలదు. అంత బలం చాలా అన్న అనుమానం రావచ్చు. చాలు. క్షేత్రం వల్ల కలిగే ఒత్తిడి దాని బలం వర్గంతో పాటు పెరుగుతుంది. పదింతలు బలమంటే ఒత్తిడి వందింతలు. శుక్రుడి దగ్గర సౌర పవనం తాకిడి ఒత్తిడిని లెక్కవేసి చూస్తే, దాన్ని నిలబెట్టడానికి కావలసింది కూడా దాదాపు వంద నానోటెస్లాలే.

ఈ ఒత్తిడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా చేతులు మారుతుందో గమనిస్తే మొత్తం అమరిక కళ్లకు కడుతుంది. సౌర పవనం ధ్వని వేగాన్ని ఎన్నో రెట్లు మించి వస్తుంది కనుక, ముందు అడ్డం ఉందన్న కబురు వెనక్కి ప్రయాణించి దానికి అందదు. అందుకే గ్రహానికి ముందు షాక్ తరంగం నిలబడుతుంది. అక్కడ ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించి, వేడెక్కి, దట్టమవుతుంది. అంతవరకూ వేగం రూపంలో ఉన్న ఒత్తిడి వేడి రూపంలోకి వస్తుంది. ఇంకాస్త లోపల, క్షేత్రరేఖలు పోగుపడ్డ చోట, ఆ వేడి ప్లాస్మా పక్కలకు జారిపోయి అయస్కాంత ఒత్తిడి మిగులుతుంది. చివర్లో దాన్ని అయనావరణం తన సొంత ప్లాస్మా ఒత్తిడితో ఎదుర్కొంటుంది. ఆ రెండూ సరితూగిన చోట హద్దు ఏర్పడుతుంది. శుక్రుడి మీద సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపు, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, ఈ హద్దు నేలకు సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉంటుందని 1978 నుంచి 1992 దాకా శుక్రుడి చుట్టూ తిరిగిన పయనీర్ వీనస్ కొలిచింది.

భూమితో పోల్చినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. భూమి అయస్కాంత క్షేత్రం సౌర పవనాన్ని అరవై వేల కిలోమీటర్ల అవతలే ఆపుతుంది. శుక్రుడు ఆపేది గుమ్మం దగ్గర. ఆపడం రెండు చోట్లా జరుగుతుంది, కాకపోతే శుక్రుడి దగ్గర సౌర పవనానికీ గాలికీ మధ్య దూరమంటూ పెద్దగా ఉండదు.

ఈ హద్దు స్థిరమైనదీ కాదు. సౌర పవనం ఉధృతి పెరిగినా, సూర్యుడి అతినీలలోహిత కాంతి తగ్గి అయనావరణం బలహీనపడినా హద్దు కిందికి దిగుతుంది, అయస్కాంత క్షేత్రం అయనావరణంలోకి ఇంకుతుంది. మామూలు రోజుల్లో కూడా మెలికలు తిరిగిన తాళ్లలాంటి సన్నటి క్షేత్రపు కట్టలు లోపల తేలుతూ పయనీర్ వీనస్‌కు తగిలాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి 2010 ఆగస్టులో వచ్చింది. సౌర పవనం దాదాపు ఆగిపోయినంత పలచబడింది. అప్పుడు శుక్రుడి అయనావరణం రాత్రి వైపు తోకచుక్కలా సాగడం వీనస్ ఎక్స్‌ప్రెస్ నౌక చూసింది. 2022 డిసెంబరులో అంగారకుడి దగ్గర కూడా అదే జరిగింది. సౌర పవనం సాంద్రత వంద రెట్లు పడిపోగానే అక్కడి అయస్కాంతావరణం వేల కిలోమీటర్ల మేర ఉబ్బిందని మావెన్ నౌక నమోదు చేసింది. రోజూ అది ఎంత ఒత్తిడికి నొక్కుకుని ఉంటుందో, ఆ ఒత్తిడి తీసేసిన రోజునే స్పష్టంగా తెలిసింది.

ఇక గాలి పోవడం సంగతి. ఇక్కడ అంగారకుడి దగ్గర ఒక్క ఆక్సిజన్ పరమాణువును వెంబడిద్దాం.

అంగారకుడి గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అక్కడి వాతావరణం పైఅంచు చాలా దూరం పరుచుకుని ఉంటుంది. పలచటి హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువుల మేఘం షాక్ తరంగాన్ని కూడా దాటి సౌర పవనంలోకి చొచ్చుకుపోతుంది. మన పరమాణువు అక్కడ తీరిగ్గా తేలుతూ ఉంది. దానికి విద్యుదావేశం లేదు, అందువల్ల అయస్కాంత క్షేత్రం దాన్ని తాకదు. ఇంతలో అతినీలలోహిత కిరణం తగిలి ఒక ఎలక్ట్రాను ఊడింది. ఆ క్షణం నుంచి అది అయాన్. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో పారిపోతున్న అయస్కాంత క్షేత్రం మధ్య అది ఒక్కటే నిశ్చలంగా ఉంది. ఆ వేగం వల్ల పుట్టే విద్యుత్ క్షేత్రం దాన్ని ఒక పక్కకు లాగుతుంది. అది కదలగానే అయస్కాంత క్షేత్రం దాని దారిని వంచుతుంది. మూడు నానోటెస్లాల క్షేత్రంలో, అంత వేగంలో, ఆక్సిజన్ అయాన్ తిరిగే వలయపు వ్యాసార్థం లెక్కవేస్తే సుమారు 22,000 కిలోమీటర్లు వస్తుంది. అంగారకుడి వ్యాసార్థం 3,390 కిలోమీటర్లే. వలయం గ్రహం కన్నా ఆరింతలు పెద్దది! అంటే ఆ అయాన్ అంగారకుడి చుట్టూ తిరగదు. ఒక పెద్ద చాపంలో విసిరేసినట్టు అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది.

విద్యుత్ క్షేత్రం ఎటు లాగుతోందన్నది ఇక్కడ కీలకం. గ్రహం నుంచి బయటికి లాగే వైపు పుట్టిన అయాన్లు పొగలా పైకి లేచి పారిపోతాయి. గ్రహం వైపుకు లాగే అర్ధగోళంలో పుట్టినవాటిలో కొన్ని తిరిగి వాతావరణంలోకే దూసుకొస్తాయి. బరువైన, వేగమైన ఆ అయాన్ల దెబ్బకు అక్కడి పరమాణువులు చెల్లాచెదురై కొన్ని బయటికి ఎగిరిపోతాయి. గ్రహం గుండ్రంగానే ఉన్నా గాలి పోయే తీరు రెండు వైపులా ఒకలా ఉండకపోవడానికి కారణం ఇదే. మావెన్ కొలతల ప్రకారం పారిపోయే అయాన్లలో దాదాపు మూడొంతులు వెనక తోక గుండా, పావు వంతు దాకా ధ్రువం మీది ఆ పొగ గుండా వెళ్తాయి. సౌర పవనం వైపు నుంచి చూస్తే ఇది అదనపు బరువు. కొత్తగా చేరిన ప్రతి అయాన్‌నూ ఈడ్చుకుపోవడానికి అది తన వేగంలో కొంత వదులుకోవాలి. అలా నెమ్మదించడం వల్ల క్షేత్రరేఖలు ఇంకా దట్టంగా పోగుపడతాయి.

అంగారకుడి విషయంలో ఇంకో మెలిక ఉంది. గ్రహమంతటినీ చుట్టే క్షేత్రం ఏనాడో, దాదాపు నాలుగు వందల కోట్ల ఏళ్ల క్రితం ఆగిపోయినా, ఆ కాలంలో చల్లబడ్డ రాళ్లలో దాని ముద్ర మిగిలింది. 1997లో అక్కడికి చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ దక్షిణార్ధగోళంలోని పాత ఎత్తుభూముల మీద ఈ మిగులు క్షేత్రాలను కనుగొంది. నూరు, రెండు వందల కిలోమీటర్ల ఎత్తులో కూడా వాటి బలం 1,500 నానోటెస్లాల దాకా ఉంది. గ్రహం తన చుట్టూ తాను తిరిగేటప్పుడు ఈ మచ్చలూ తిరుగుతాయి. సౌర పవనానికి ఎదురయ్యే అడ్డు ఆకారం గంటగంటకూ మారుతుంది. మచ్చల క్షేత్రరేఖలు సౌర పవనపు రేఖలతో తెగి, మళ్లీ అతుక్కుంటాయి. ఫలితంగా వెనక తోక శుక్రుడి తోకలా సాఫీగా కాకుండా మెలితిరిగి ఉంటుంది. రాత్రి వేళ ఈ మచ్చల మీద అరోరాలు (విద్యుదావేశం ఉన్న కణాలు గాలిని తాకినప్పుడు పుట్టే కాంతులు) వెలుగుతాయి. అవి లేని చోట్ల, సౌర తుఫాను వచ్చినప్పుడు, గ్రహం చాలా భాగం మీద ఒకేసారి పలచటి అరోరా పరుచుకోవడమూ మావెన్ చూసింది. ధ్రువాలకే పరిమితమైన భూమి అరోరాలకు అలవాటుపడ్డ మనకు ఇది కొత్త.

మరి ఇదంతా కలిపి ఎంత గాలి పోతోంది? 2015లో మావెన్ బృందం ప్రకటించిన లెక్క: అయాన్ల రూపంలో సెకనుకు సుమారు 100 గ్రాములు. ఈ అంకెను పట్టుకుని చిన్న గుణకారం చేయడం మంచిది. నాలుగు వందల కోట్ల ఏళ్లలో ఈ లెక్కన పోయేది ఇప్పుడు అంగారకుడి మీద ఉన్న గాలిలో దాదాపు సగం. ఇప్పుడున్న గాలే భూమిలో ఒక శాతం కన్నా తక్కువ ఒత్తిడి కలిగినది. అందులో సగం చేర్చినా నదులు పారే వాతావరణం రాదు. శుక్రుడి దగ్గర అదే వేగంతో అంతే కాలం పోయినా, తరిగేది లక్షలో మూడు వంతులు కూడా ఉండదు.

అంటే నేటి వేగంతో అంగారకుడి గతాన్ని వివరించలేం. మూడు సంగతులు కలిపి చూడాలి. ఒకటి, సూర్యుడు వయసులో ఉన్నప్పుడు అతినీలలోహిత కాంతి, తుఫానులు ఇప్పటికన్నా ఎన్నో రెట్లు తీవ్రం. 2015 మార్చిలో తగిలిన సౌర తుఫాను సమయంలో గాలి పోయే వేగం ఎంతగానో పెరగడం మావెన్ స్వయంగా చూసింది. ఆనాడు అలాంటివి మామూలు. రెండు, అయాన్లు కాకుండా తటస్థ పరమాణువులు పోయే దారులు ఉన్నాయి. వాటన్నిటినీ కలిపితే ఇప్పుడు కూడా సెకనుకు రెండు మూడు కిలోలు పోతున్నట్టు మావెన్ బృందం తర్వాత అంచనా వేసింది.

మూడోది గురుత్వాకర్షణ. ఇది అన్నిటికన్నా తక్కువగా ప్రస్తావనకు వచ్చే సంగతి. రెండు గ్రహాల అయనావరణంలోనూ ముఖ్యమైన అయాన్ ఒకటే, రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసినది. అది ఎలక్ట్రానుతో కలిసినప్పుడు విడిపోయి రెండు వేగమైన ఆక్సిజన్ పరమాణువులవుతుంది. ఒక్కోదానికి మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి దక్కుతుంది. అంగారకుడి నుంచి తప్పించుకోవడానికి ఆక్సిజన్ పరమాణువుకు రెండు చాలు. శుక్రుడి నుంచి తప్పించుకోవాలంటే తొమ్మిది కావాలి. ఒకే రసాయన చర్య అంగారకుడి దగ్గర గాలిని బయటికి పంపుతుంది, శుక్రుడి దగ్గర పంపలేదు. ఇందులో సౌర పవనం పాత్రే లేదు. కావలసింది సూర్యకాంతి, చిన్న గ్రహం.

అలాగని సౌర పవనాన్ని తీసిపారేయలేం. దానికి ఆర్గాన్ సాక్ష్యం చెబుతుంది. ఆర్గాన్ దేనితోనూ కలవదు, రాళ్లలోకి ఇంకదు, పైన చెప్పిన రసాయన చర్యలో పాల్గొనదు. దాన్ని అంతరిక్షంలోకి నెట్టగలిగింది దాదాపు ఒక్కటే: తిరిగి వచ్చి గుద్దే అయాన్ల దెబ్బ. ఎగువన తేలికైన ఆర్గాన్ ఎక్కువగా ఉంటుంది కనుక అదే ఎక్కువగా పోయి, బరువైనది కింద మిగులుతుంది. ఈ రెండు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) నిష్పత్తిని బట్టి అంగారకుడి ఆర్గాన్‌లో సుమారు 65 శాతం పోయిందని 2017లో తేల్చారు. శుక్రుడి నుంచి పోయే అయాన్లలో హైడ్రోజన్, ఆక్సిజన్ దాదాపు రెండుకు ఒకటి చొప్పున ఉన్నాయని వీనస్ ఎక్స్‌ప్రెస్ చూపింది. నీటిలో వాటి నిష్పత్తి కూడా అదే. శుక్రుడు కార్బన్ డయాక్సైడును నిలుపుకున్నాడు గానీ నీటిని పోగొట్టుకున్నాడు.

ఇంతకీ సొంత అయస్కాంత క్షేత్రం ఉంటే గాలి భద్రమా? భూమి ధ్రువాల దగ్గర క్షేత్రరేఖలు అంతరిక్షంలోకి తెరుచుకుని ఉంటాయి. వాటి వెంబడి భూమి నుంచి కూడా ఆక్సిజన్ అయాన్లు నిత్యం పోతున్నాయి. ఆ పరిమాణం శుక్రుడు, అంగారకుల దగ్గర కొలిచినదానికి తీసిపోదు, కొన్ని కొలతల్లో మించుతుంది. పెద్ద అయస్కాంతావరణం సౌర పవనాన్ని దూరంగా ఆపుతుంది నిజమే, కానీ అంత పెద్ద వల దాని శక్తిని కూడా ఎక్కువగా పట్టి ధ్రువాల వైపు పంపుతుంది. భూమి నుంచి బయల్దేరిన అయాన్లలో ఎన్ని తోక దగ్గర చిక్కి తిరిగొస్తాయన్నదాని మీద పరిశోధకుల మధ్య వాదన నడుస్తోంది. క్షేత్రం లేకపోవడమే గాలి పోవడానికి సరిపడే కారణమని మాత్రం నేను ఇక ఒప్పుకోలేను; శుక్రుడు ఆ వాదనను నిలబడనివ్వడు.

వాదన తేలకపోవడానికి ఒక కారణం కొలతల్లోనే ఉంది. ఒకే నౌక గ్రహం చుట్టూ తిరుగుతున్నప్పుడు దాని పరికరంలో అయాన్ల ప్రవాహం హఠాత్తుగా పెరిగితే, సౌర పవనం మారిందా, నౌకే వేరే ప్రాంతంలోకి అడుగుపెట్టిందా అన్నది తేల్చడం కష్టం. పైనున్న సౌర పవనాన్ని, కింద గాలి స్పందనను ఒకే సమయంలో చూడాలి. 2025 నవంబరులో ప్రయోగించిన ఎస్కపేడ్ జంట నౌకలు ఆ పని కోసమే 2027లో అంగారకుడిని చేరాల్సి ఉంది. మొదట రెండూ ఒకే కక్ష్యలో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ నిమిషాల్లో జరిగే మార్పులను పట్టుకుంటాయి. తర్వాత వేర్వేరు కక్ష్యలకు మారి, ఒకటి దూరం నుంచి సౌర పవనాన్ని కొలుస్తుంటే మరొకటి దగ్గర నుంచి గాలి స్పందనను కొలుస్తుంది.